ఆన్‌లైన్‌లో అమ్మాక కొన్నవారితో మాట తేడా వస్తే?

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి అమ్మనివారు తక్కువ. ప్రాజెక్టు మారి ఊరు మారేటప్పుడు సోఫా, డైనింగ్ టేబుల్ అమ్ముతాం. ఇండియాకి తిరిగి వెళ్ళిపోయేటప్పుడు కారు, టీవీ అమ్ముతాం. కొత్త ఫోను కొనగానే పాత ఫోను ఈబేలో పెడతాం. ఇంటి దగ్గరే ఉండి పోచంపల్లి, నారాయణపేట చీరలు తెప్పించి అమ్మే మహిళలు కూడా మన మధ్య చాలామందే ఉన్నారు.

ఎక్కువ అమ్మకాలు ఏ గొడవా లేకుండా జరిగిపోతాయి. ఎప్పుడో ఒకటి మాత్రం బెడిసికొడుతుంది. అలాంటివాటిని జాగ్రత్తగా గమనిస్తే వస్తువులో లోపం కన్నా మాటల్లో వచ్చిన తేడాయే పెద్దదిగా కనిపిస్తుంది. "గీత ఉందని మీరు చెప్పలేదు", "ఫోటోలో చూపించాను కదా", "మూడు మెసేజ్‌లు పెడితే ఒక్కదానికీ జవాబు లేదు". ఈ దశలో మనం రాసే ఒక్కో వాక్యం డబ్బునీ, పేరునీ కూడా నిలబెట్టవచ్చు, పోగొట్టవచ్చు. అటువంటి పరిస్థితిలో ఏం చేయాలి, ఏం చేయకూడదు, ఇక్కడి నియమాలు ఏమంటున్నాయి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

1 డాలరు 44 సెంట్ల తగాదా

ముందుగా నిజంగా జరిగిన ఒక కేసు చెప్పుకుందాం. ఒహైయో రాష్ట్రంలో మెడ్ ఎక్స్‌ప్రెస్ అనే సంస్థ ఈబేలో పరికరాలు అమ్మేది. 2013లో సౌత్ కెరొలైనాకి చెందిన ఒక మహిళ ఆ సంస్థ దగ్గర ఒక వస్తువు కొన్నారు. పార్సిల్ వచ్చేసరికి తపాలా ఖర్చు 1 డాలరు 44 సెంట్లు బాకీ ఉందని పోస్టాఫీసు ఆమె దగ్గర వసూలు చేసింది. ఆమె ఈబేలో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. తపాలా బాకీతో వచ్చిందనీ, అమ్మినవారు ముందుగా ఏమీ తెలియజేయలేదనీ దాని సారాంశం.

విషయం తెలిశాక సంస్థ ఆ సొమ్ము తిరిగి ఇస్తామంది. ఫీడ్‌బ్యాక్ తీసివేయమని కోరింది. ఆమె తీయలేదు. దాంతో సంస్థ మెడీనా కౌంటీ కోర్టులో ఆమె మీద పరువునష్టం దావా వేసింది. కానీ ఆమె రాసినదాంట్లో అబద్ధం లేదు, పార్సిల్ నిజంగానే బాకీతో వచ్చింది. పబ్లిక్ సిటిజెన్ అనే ప్రజాప్రయోజన సంస్థ న్యాయవాది పాల్ ఆలన్ లీవై ఈ సంగతి బయటపెట్టారు. ఒహైయో లాయర్లు ఆమె తరఫున ఉచితంగా వాదించడానికి ముందుకు వచ్చారు. వార్త దేశమంతా పాకింది. ఒక్క ఫీడ్‌బ్యాక్ వల్ల ఎంత నష్టం జరిగేదో గాని, దావా వల్ల అంతకు ఎన్నో రెట్లు చెడ్డపేరు వచ్చింది. చివరికి సంస్థ అధినేత బహిరంగంగా క్షమాపణ చెప్పి, దావా వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించవలసి వచ్చింది.

తపాలా బాకీ అమ్మినవారి తప్పు కాకపోయి ఉండవచ్చు. పొరపాటు పోస్టాఫీసుదే కావచ్చు. అయినా కొన్నవారికి కనిపించేది మనం ఒక్కరమే. ఆ ఫిర్యాదులో డబ్బు సంగతి ఎంత ఉందో "నాకు ముందు చెప్పలేదు" అన్నది కూడా అంతే ఉంది.

ఫీడ్‌బ్యాక్ ఎలా పుట్టింది, ఎలా మారింది

పియర్ ఒమిడ్యార్ 1995లో "ఆక్షన్ వెబ్" పేరుతో మొదలుపెట్టినదే తర్వాత ఈబే అయింది. ఒకరినొకరు ఎరగనివాళ్ళు వ్యాపారం చేసుకోవాలంటే నమ్మకం కావాలి కనుక 1996లో ఫీడ్‌బ్యాక్ పద్ధతి పెట్టారు. అప్పట్లో కొన్నవారూ, అమ్మినవారూ ఇద్దరూ ఒకరికొకరు నెగటివ్ ఇచ్చుకోవచ్చు. "నువ్వు నాకిస్తే నేను నీకిస్తా" అనే బెదిరింపులు మొదలయ్యాయి. 2007లో స్టార్ రేటింగులు నాలుగు విషయాలకు విడివిడిగా ఇచ్చే పద్ధతి వచ్చింది. వర్ణన సరిగా ఉందా, కమ్యూనికేషన్ ఎలా ఉంది, ఎంత త్వరగా పంపారు, షిప్పింగ్ ఖర్చు సబబుగా ఉందా అన్నవి ఆ నాలుగు. అంటే మాట్లాడే తీరుకు కూడా మార్కులన్న మాట. 2008 నుంచి అమ్మేవారు కొన్నవారికి నెగటివ్ ఇవ్వడం కుదరకుండా చేశారు. కాబట్టి ఇప్పుడు అమ్మేవారి చేతిలో మిగిలింది మర్యాదగల జవాబు, దాచి ఉంచిన రుజువు. ఈ రెండే.

ఇటువంటి తగాదాలను ఆన్‌లైన్‌లోనే తీర్చే ప్రయత్నాలు కూడా పాతవే. 1999లో యూనివర్సిటీ ఆఫ్ మసాచుసెట్స్‌కి చెందిన ఒక కేంద్రం ఈబే తగాదాలను ఈమెయిల్ ద్వారా మధ్యవర్తిత్వం చేసి తీర్చే ప్రయోగం చేసింది. తర్వాత స్క్వేర్‌ట్రేడ్ అనే సంస్థ ఆ పని చేపట్టింది. ఈబేలో తగాదాల విభాగాన్ని నడిపిన కోలిన్ రూల్ లెక్క ప్రకారం అక్కడ ఏటా సుమారు 6 కోట్ల తగాదాలు వచ్చేవి. వాటిలో 90 శాతం దాకా మనిషి జోక్యం లేకుండానే తీరిపోయేవి. ఇండియా ఈబేలో ఒక దశలో "కమ్యూనిటీ కోర్టు" కూడా నడిచింది. తనకు అన్యాయంగా నెగటివ్ ఇచ్చారని అమ్మినవారు భావిస్తే, ఇద్దరి వాదనలూ చదివి సభ్యుల నుంచి ఎంపికైన జ్యూరీ తీర్పు చెప్పేది. మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర పెద్దమనుషుల పంచాయితీకి ఇది కంప్యూటర్ రూపం అనుకోవచ్చు.

మాట ఎక్కడ తేడా పడుతుంది?

మనవాళ్ళ విషయంలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి.

మొదటిది మన ఇంగ్లీషు. "కైండ్లీ రివర్ట్" అంటే మన దృష్టిలో జవాబివ్వండి అని. అమెరికన్‌కి రివర్ట్ అంటే వెనకటి స్థితికి వెళ్ళడం. సొమ్ము వెనక్కి ఇస్తారేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. "డూ ద నీడ్‌ఫుల్" అంటే ఏం చేయమంటున్నారో వారికి అర్థం కాదు. "ఐ విల్ ట్రై" అని మనం మొహమాటానికి అంటే అవతలివారు మాట ఇచ్చారనుకుంటారు. చేయాల్సిన పని ఏమిటో, ఏ తేదీలోగా చేయాలో పేరు పెట్టి రాయడం మంచిది.

రెండోది వర్ణన. "గుడ్ కండిషన్" అన్నది అమ్మేవారికి ఒకటి, కొనేవారికి ఇంకొకటి. మూడేళ్ళు వాడిన లాప్‌టాప్ మనకు గుడ్ కండిషనే. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, మూత మీద గీత ఎంత పొడవుంది, ఛార్జర్ అసలుదా కాదా అని రాస్తే ఆ మాటకి అర్థం వస్తుంది. చీరల విషయంలో రంగు పెద్ద సమస్య. ఒకే చీర పగటి వెలుగులో ఒకలా, ట్యూబులైటు కింద మరోలా కనిపిస్తుంది. ఫోను కెమెరా దాన్ని ఇంకోలా చూపిస్తుంది. పగటి వెలుగులో ఒక ఫోటో, దీపం కింద ఒక ఫోటో, పల్లూ, బోర్డరు, వెనక వైపు విడివిడిగా పెడితే సగం తగాదాలు పుట్టకముందే పోతాయి.

మూడోది ఫోను మాటలు. మన అలవాటు ఫోను చేసి మాట్లాడుకోవడం. తెలుగువాళ్ళ మధ్య అయితే "అక్కా", "అన్నయ్యా", "అండీ" అనుకుంటూ సాగుతుంది. "రంగు నచ్చకపోతే?" అని కొనేవారు అడుగుతారు. "చూద్దాం లెండి, ఏముంది" అంటారు అమ్మేవారు. కొన్నవారికి అది వెనక్కి తీసుకుంటానన్న మాట. అమ్మినవారికి అది సంభాషణ ముగించే మర్యాద. రెండు వారాల తర్వాత ఇద్దరూ నిజమే చెబుతూ ఇద్దరూ ఎదుటివారు అబద్ధమాడారని అనుకుంటారు. ఫోనులో మాట్లాడుకున్నా ఫరవాలేదు. వెంటనే రెండు వాక్యాల్లో మెసేజ్ పెట్టండి: "అక్కా, ఇప్పుడు అనుకున్నట్టు చీర అందిన మూడు రోజుల్లోగా చెబితే, కట్టకుండా ఉంటే వెనక్కి తీసుకుంటాను. పంపే ఖర్చు మీది." ఇలా రాసినందుకు ఎవరూ తప్పు పట్టరు.

తగాదా మొదలయ్యాక ఏం చేయాలి?

1. ఇరవై నాలుగు గంటల్లోగా జవాబివ్వండి. పరిష్కారం ఇంకా తెలియకపోయినా "మీ మెసేజ్ చూశాను, ఫోటోలు పరిశీలించి రేపు సాయంత్రం లోపల చెబుతాను" అనండి, చెప్పిన సమయానికి చెప్పండి. మౌనాన్ని కొన్నవారు మోసంగానే లెక్కిస్తారు.

2. కోపంలో రాయవద్దు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ నోరు జారితే స్క్రీన్‌షాట్ కూడా అవుతుంది. మీరు రాసే ప్రతి మెసేజ్ రేపు ఈబే ఉద్యోగి గానీ, బ్యాంకు ఉద్యోగి గానీ, జడ్జి గానీ చదువుతారనుకుని రాయండి.

3. సైటు లోపలి మెసేజ్‌లలోనే మాట్లాడండి. టెక్స్ట్, వాట్సాప్‌లలో రాసుకున్నది సైటు వారికి కనిపించదు. అవతలివారు ఫోను చేస్తే, మాట్లాడినదాని సారాంశం సైటు మెసేజ్‌లో పెట్టండి. ఫోను రికార్డు చేయాలనుకుంటే జాగ్రత్త. కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో ప్రైవేటు సంభాషణ రికార్డు చేయడానికి అందరి అనుమతీ ఉండాలి. టెక్సస్, న్యూజెర్సీలలో మాట్లాడేవారిలో ఒకరి అనుమతి చాలు.

4. అభిప్రాయాన్ని, విషయాన్ని వేరుచేయండి. "వరస్ట్ సెల్లర్" అన్న మాటకు జవాబు అక్కరలేదు. "ఛార్జర్ పనిచేయడం లేదు" అన్నదానికి జవాబు కావాలి. ఫోటో గాని, చిన్న వీడియో గాని పంపమని మర్యాదగా అడగండి.

5. పరిష్కారం ఒక్కటే కాకుండా రెండు చూపించండి. వస్తువు తిప్పి పంపి పూర్తి సొమ్ము తీసుకోవడం ఒకటి, వస్తువు ఉంచుకుని కొంత సొమ్ము తీసుకోవడం ఒకటి. ఎంచుకునే అవకాశం ఇచ్చినప్పుడు చాలామంది మెత్తబడతారు.

6. సొమ్ము వెనక్కి ఇవ్వదలచుకుంటే వచ్చిన దారినే ఇవ్వండి. ఈబేలో వచ్చిన సొమ్ముకు జెల్‌లో రీఫండ్ పంపితే అది ఈబే లెక్కలోకి రాదు. కేసు తెరిచి ఉంటే రెండోసారి కట్టవలసి రావచ్చు.

7. ఫీడ్‌బ్యాక్ తీసివేస్తేనే డబ్బిస్తానని బేరం పెట్టవద్దు. ముందు సమస్య తీర్చండి. తర్వాత ఈబేలో ఫీడ్‌బ్యాక్ మార్చమని కోరే సదుపాయం ఉంది, దానిని వాడుకోండి. తిరగేసి, కొన్నవారే "ఇంకో యాభై డాలర్లు ఇవ్వకపోతే నెగటివ్ ఇస్తాను" అని బెదిరిస్తే అది ఈబే నియమాలకు విరుద్ధం. ఆ మెసేజ్ చూపించి ఫిర్యాదు చేయవచ్చు.

గడువులు గుర్తుంచుకోండి

ఎవరిది న్యాయమన్నది ఒక ఎత్తు, గడువు దాటిందా లేదా అన్నది మరో ఎత్తు. ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ కింద సాధారణంగా వస్తువు అందిన, లేదా అందవలసిన తేదీ నుంచి 30 రోజుల్లోగా కొన్నవారు ఫిర్యాదు చేయవచ్చు. అమ్మినవారికి 3 పనిదినాలు సమయం ఉంటుంది. ఆ తర్వాత ఈబేని జోక్యం చేసుకోమని అడగవచ్చు. వర్ణనకు తగ్గట్టు లేదన్న కారణంతో తిప్పి పంపితే, "నో రిటర్న్స్" అని రాసినా సరే, తిప్పి పంపే ఖర్చు అమ్మినవారిదే. ఈ సంగతి తెలియక చాలామంది నో రిటర్న్స్ అన్న రెండు మాటల మీద భారం వేసి కూర్చుంటారు.

పేపాల్‌లో కొన్నవారికి 180 రోజులు గడువు ఉంది. డిస్ప్యూట్ తెరిచాక 20 రోజుల్లోగా దాన్ని క్లెయిముగా మార్చకపోతే మూసివేస్తారు. "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ" పద్ధతిలో పంపిన సొమ్ముకు ఈ రక్షణ లేదు. అందుకే తెలియనివారికి ఆ పద్ధతిలో పంపమని మనం అడగకూడదు, అడిగితే అవతలివారికి అనుమానం రావడం సహజం. క్రెడిట్ కార్డు మీద 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం స్టేట్‌మెంట్ పంపినప్పటి నుంచి 60 రోజుల్లోగా కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. కార్డు కంపెనీలు తమ నియమాల కింద ఇంకా ఎక్కువ సమయం ఇవ్వడం కూడా ఉంది.

750 డాలర్లు, అంతకు పైన విలువైన వస్తువు పంపితే ట్రాకింగ్ ఒక్కటే సరిపోదు. సంతకం తీసుకునే డెలివరీ ఉంటేనే ఈబే, పేపాల్ "అందలేదు" అన్న ఫిర్యాదు నుంచి అమ్మినవారికి రక్షణ ఇస్తాయి. నాలుగు డాలర్లు మిగుల్చుకోబోయి వెయ్యి డాలర్లు పోగొట్టుకోవద్దు.

చట్టం ఏమంటుంది?

లూసియానా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోని రెండో ఆర్టికల్‌ను అమలు చేస్తున్నాయి. దాని ప్రకారం మీరు చేసిన వర్ణనే ఒక హామీ. "చాలా బాగుంటుంది" అంటే అభిప్రాయం. "256 జీబీ, అన్‌లాక్ చేసినది" అంటే హామీ. వ్యాపారి కాకపోయినా, పాత సామాను అమ్ముకునే మామూలు మనిషికి కూడా ఇది వర్తిస్తుంది. "యాజ్ ఈజ్" అని రాస్తే చట్టం తనంతట తాను కల్పించే హామీలు పోతాయి గాని, మీరు నోరారా చెప్పినది పోదు.

వ్యాపారంగా అమ్మేవారికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఒకటి ఉంది. ఎప్పటిలోగా పంపుతామో చెప్పకపోతే 30 రోజుల్లోగా పంపగలగాలి. ఆలస్యమైతే ఆ సంగతి తెలియజేసి, ఆర్డరు రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాలి. హైదరాబాదు నుంచి సరుకు రావడం ఆలస్యమైందన్నది కారణం అవుతుంది గాని, చెప్పకుండా ఊరుకోవడానికి సాకు కాదు. 2016 నాటి కన్స్యూమర్ రివ్యూ ఫెయిర్‌నెస్ చట్టం ప్రకారం, మా గురించి చెడుగా రాయకూడదన్న షరతును అమ్మకం నిబంధనల్లో పెట్టడం చెల్లదు.

ఏ దారీ లేకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. లాయరు లేకుండానే వెళ్ళవచ్చు. పరిమితి కాలిఫోర్నియాలో వ్యక్తులకు 12,500 డాలర్లు, టెక్సస్ జస్టిస్ కోర్టుల్లో 20,000 డాలర్లు, న్యూజెర్సీలో 5,000 డాలర్లు. అయితే అవతలివారు వేరే రాష్ట్రంలో ఉంటే సాధారణంగా వారి ఊరికే వెళ్ళి దావా వేయవలసి వస్తుంది. 200 డాలర్ల తగాదాకు అంత దూరం వెళ్ళడం దండగ.

మరొక ముఖ్య విషయం. ఇంట్లో వాడిన సామాను అమ్ముకోవడం వేరు, లాభం కోసం సరుకు తెప్పించి అమ్మడం వేరు. హెచ్-1బి వీసా స్పాన్సర్ చేసిన ఉద్యోగానికే అనుమతి ఇస్తుంది. 2015 నుంచి కొందరు హెచ్-4 వారికి వర్క్ పర్మిట్ దొరుకుతోంది గాని అందరికీ కాదు. వ్యాపారం మొదలుపెట్టే ముందే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. చిన్న తగాదా కోర్టు కాగితాల దాకా పోయిన తర్వాత అడిగితే లాభం లేదు.

ఇది తగాదా కాదు, మోసం

మంచిగా మాట్లాడితే అన్నీ తీరతాయనుకోవడమూ పొరపాటే. అడిగిన ధర కన్నా ఎక్కువకి చెక్కు పంపి, మిగతాది మూవర్స్‌కి పంపండి అనేవారు ఉంటారు. బ్యాంకు ఆ సొమ్ము ఒకటి రెండు రోజుల్లో మన ఖాతాలో చూపిస్తుంది. చెక్కు దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు, అప్పుడు మొత్తం మన మీదే పడుతుంది. "మీరు నిజమైన మనిషో కాదో చూసుకుంటాను, ఫోనుకి వచ్చిన ఆరంకెల కోడ్ చెప్పండి" అనేవారు ఉంటారు. ఆ కోడ్‌తో మీ నెంబరు మీద గూగుల్ వాయిస్ ఖాతా తెరుస్తారు. "జెల్‌లో పంపాను, మీ ఖాతాని బిజినెస్ ఖాతాగా మార్చుకుంటేనే వస్తుంది" అంటూ దొంగ ఈమెయిల్ పంపేవారూ ఉంటారు. వీరితో వాదన పెట్టుకోవద్దు. జవాబివ్వకుండా సైటుకు ఫిర్యాదు చేసి వదిలేయండి.

మనలో మనం

చివరిగా ఒక మాట. అమెరికన్‌తో తగాదా వస్తే రేటింగ్ పోతుంది. మనవాళ్ళతో తగాదా వస్తే రేపు గుడిలో, ఉగాది కార్యక్రమంలో, పిల్లల బర్త్‌డే పార్టీలో మళ్ళీ ఎదురుపడాలి. ఎక్కువ మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో "ఫలానావారు మోసం చేశారు" అని ఒక్కరు రాస్తే, వెనకాల నలభై మంది వ్యాఖ్యలు చేస్తారు. వారిలో ఇద్దరి వాదనా విన్నవారు ఒక్కరూ ఉండరు. అబద్ధపు ఆరోపణ అయితే అది పరువునష్టం కూడా కావచ్చు. గ్రూపులో జవాబు రాయవలసి వస్తే ఒకే ఒక్కటి రాయండి: "మీకు నేరుగా మెసేజ్ పెట్టాను, ఈ రోజే మాట్లాడుకుని సరిచేద్దాం." తర్వాత నిజంగానే మాట్లాడి, ఒప్పుకున్నది రాసి, ఒప్పుకున్న రోజుకి సొమ్ము పంపండి. అవతలివారే "అంతా సరిపోయింది" అని గ్రూపులో రాస్తారు. రాయకపోయినా, మీ వైపు నుంచి జరగవలసినది జరిగినట్టే.